మళ్ళీ లాక్‌డౌన్ లాంటిది వస్తే మొగుడూపెళ్ళాల మధ్య దూరం పెరగకుండా ఏం చేయాలి

2020 మార్చి 25న కోవిడ్ లాక్‌డౌన్ మొదలైనప్పుడు 21 రోజులే అన్నారు, పొడిగిస్తూ పొడిగిస్తూ మే 31 దాకా లాగారు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఇద్దరికీ ల్యాప్‌టాప్‌లు, పనిమనిషి రాదు, హాల్లో అత్తామామల ముందు టీవీలో పొద్దస్తమానం కేసుల లెక్కలే. రోజంతా ఒకే ఇంట్లో ఉంటే దగ్గరవుతారనుకుంటాం గానీ చాలామందికి రివర్స్ అయింది.

ముందు ఇంటిపని పంచుకోండి, నిజంగా అన్నిటికంటే ఇదే ముఖ్యం. పొద్దున్నుంచి అంట్లు, వంట, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు అన్నీ ఆవిడే చూసుకుని రాత్రి పదింటికి నడుం వాలిస్తే అప్పుడు ఈయనగారికి ప్రేమ గుర్తొస్తే ఎలా చెప్పండి. "హెల్ప్ చేస్తా" అనడం కాదు, రాత్రి అంట్లు నావి అంటే రోజూ నావే.

రోజుకో అరగంట ఎవరికి వాళ్ళు డాబా మీదో బాల్కనీలోనో ఉండండి, ఎందుకెళ్ళావ్ అని అడగొద్దు.

భయం, నిద్ర లేకపోవడం వల్ల స్ట్రెస్ హార్మోన్లు పెరిగి చాలామందికి కోరిక తగ్గుతుంది, కొందరికి అదే టెన్షన్‌లో పెరుగుతుంది కూడా. ఒకరికి తగ్గి ఇంకొకరికి పెరిగితేనే గొడవ. "నామీద ఇష్టం పోయింది" అని తేల్చేయకండి. కోరిక తగ్గిన సంగతి మంచం మీద కాకుండా సాయంత్రం టీ తాగేటప్పుడు ఎత్తండి, "నీతో ప్రాబ్లం కాదు, మనసే బాలేదు" అని చెప్తే చాలు. తలకి నూనె రాయడం, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం లాంటివి మాత్రం ఆపకండి, కాకపోతే ఆ తర్వాత ఇంకేదో జరగాలని ఎదురుచూడకుండా.

కండోమ్‌లు గానీ గర్భం రాకుండా వాడే పిల్స్ గానీ రెండు నెలలకి సరిపడా తెచ్చిపెట్టుకోండి. ఒకరికి జబ్బు అంటితే తగ్గేదాకా వేరే గదే, ముద్దులు కూడా వద్దు. తగ్గాక కూడా కోవిడ్ నీరసం కొందరికి వారాల తరబడి ఉంది, తొందరపెట్టొద్దు.

మొగుడు గల్ఫ్‌లో ఉంటే ఇంకో కథ, 2020 మే 7న విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా వద్దామన్నా దారి లేదు. ఫోన్ చేస్తే డబ్బులు, కేసులే కాదు, ఇవాళ ఏం కూర వండావ్ లాంటి కబుర్లు కూడా మాట్లాడుకోండి.

చెయ్యి చేసుకుంటే మాత్రం దాన్ని స్ట్రెస్ అని సర్దుకుపోవద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ ఎమర్జెన్సీ నంబర్ 112కి గానీ కాల్ చేయండి. అతను పక్కనే ఉండి మాట్లాడే వీల్లేని ఆడవాళ్ళ కోసమే జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ నంబర్ పెట్టింది. దిగులు, నిద్రపట్టకపోవడం లాంటివాటికి ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.