గిట్‌తో సురక్షితంగా పనిచేయడం – 5వ పాఠం: పాస్‌ఫ్రేజ్ పదే పదే అడుగుతుంటే

గత పాఠంలో, కోడు మార్పులను నమోదు చేసే గిట్ కోసం ఎస్‌ఎస్‌హెచ్ (సర్వరుతో సురక్షితంగా కలిపే పద్ధతి) ద్వారా సర్వరును చేరేందుకు ఈడీ25519 రకం కీల జతను తయారుచేసి, మన దగ్గరే ఉండే ప్రైవేటు కీకి పాస్‌ఫ్రేజ్ (దానిని తెరిచే రహస్య వాక్యం) పెట్టి, పబ్లిక్ కీని సర్వరులో చేర్చాము. ఇప్పుడు ప్రతి పుల్‌కూ (సర్వరు నుంచి కోడు తెచ్చుకోవడం), ప్రతి పుష్‌కూ (సర్వరుకు పంపడం) ఆ పాస్‌ఫ్రేజ్ టైపు చేయవలసి వస్తుంటే, విసుగుతో దానిని తీసివేయవద్దు. పాస్‌ఫ్రేజ్ లేని ప్రైవేటు కీ ఫైలు ఎవరి చేతికి చిక్కినా, వారు మీ పేరు మీదనే కోడు పంపగలుగుతారు.

ముందుగా తెరపై వచ్చిన ప్రశ్నను చివరిదాకా చదవండి. ‘ఎంటర్ పాస్‌ఫ్రేజ్ ఫర్ కీ’ అని ఉండి, పక్కన కీ ఫైలు దారి కనిపిస్తే, అడుగుతున్నది మీ కంప్యూటరులోని ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామే. ఆ పాస్‌ఫ్రేజ్ సర్వరుకు వెళ్లదు. ‘యూజర్‌నేమ్ ఫర్ హెచ్‌టీటీపీఎస్’ అని అడిగితే మాత్రం మీ కీకి ఇందులో ప్రమేయమే లేదు. ‘గిట్ రిమోట్ -వి’ ఇచ్చి చూస్తే చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై ఉంటుంది. దానిని ‘గిట్ రిమోట్ సెట్-యూఆర్‌ఎల్’ ద్వారా ఎస్‌ఎస్‌హెచ్ చిరునామాగా మార్చుకోవాలి. అక్కడ ఖాతా పాస్‌వర్డ్ ఇచ్చి చూద్దామన్నా, కోడును దాచిపెట్టే సేవ అయిన గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు దానిని అంగీకరించడం లేదు.

అడిగేది ఎస్‌ఎస్‌హెచ్ అని తేలితే, చూడవలసినది ఏజెంటును. ఒకసారి పాస్‌ఫ్రేజ్‌తో తెరిచిన కీని మెమరీలో ఉంచుకొని, అవసరమైనప్పుడల్లా సంతకం చేసిపెట్టే నేపథ్య ప్రోగ్రామే ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్. టెర్మినల్‌లో ‘ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -ఎల్’ అని ఇవ్వండి. ఏజెంటు దగ్గర కీలేవీ లేవన్న జవాబు వస్తే, ‘ఎస్‌ఎస్‌హెచ్-యాడ్’ ఇచ్చి, పాస్‌ఫ్రేజ్ ఒక్కసారి టైపు చేస్తే సరిపోతుంది. ఏజెంటుతో అసలు సంబంధమే కుదరలేదన్న జవాబు వస్తే, అది నడవడం లేదు, లేదా నడుస్తున్నా ఈ టెర్మినల్‌కు దాని జాడ తెలియదు.

ఈ రెండవ స్థితి దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. ఏజెంటును చేరుకునే సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే ద్వారం) దారి ‘ఎస్‌ఎస్‌హెచ్_ఆథ్_సాక్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాములకు అందే పేరుపెట్టిన అమరికలో ఉంటుంది. షెల్ (టెర్మినల్‌లో ఆదేశాలను నడిపే ప్రోగ్రాము) మొదలైనప్పుడల్లా ఏజెంటును కొత్తగా నడిపే వరుసను ప్రారంభ ఫైలులో రాసుకుంటే, ప్రతి టెర్మినల్‌కూ ఒక ఖాళీ ఏజెంటు పుట్టుకొస్తుంది. ఒకదానిలో చేర్చిన కీ మరొకదానికి కనిపించదు. రెండు టెర్మినళ్లలో ఆ వేరియబుల్ విలువను పోల్చి చూడండి. విలువలు వేరుగా ఉంటే ఏజెంట్లు వేరని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. అప్పుడు ఆ వరుసను తీసివేసి, లాగిన్ సమయంలో ఒకే ఏజెంటు మొదలయ్యేలా చూసుకోవాలి. వేరే వాడుకరిగా (మామూలుగా నిర్వాహకుడిగా) ఆదేశాన్ని నడిపే ‘సుడో’తో గిట్‌ను నడిపినా ఇదే చిక్కు వస్తుంది, ఎందుకంటే మామూలుగా ఆ వేరియబుల్ అవతలి వాడుకరికి అందదు.

ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో ‘యాడ్‌కీస్‌టుఏజెంట్ యెస్’ అని రాస్తే, మొదటి వాడకంలోనే కీ ఏజెంటులో చేరుతుంది. మ్యాక్‌లో దానితోపాటు ‘యూజ్‌కీచెయిన్ యెస్’ కూడా రాస్తే, యంత్రం రీస్టార్ట్ అయినా పాస్‌ఫ్రేజ్ మళ్లీ అడగదు. విండోస్‌లో ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ సర్వీసు మొదట ఆపివేసి ఉంటుంది కనుక, సర్వీసుల జాబితాలో దానిని ఆటోమేటిక్‌గా మార్చి ప్రారంభించాలి. అయినా అడుగుతుంటే, గిట్‌తోపాటు వచ్చిన వేరే ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తున్నదేమో చూడండి, ‘కోర్.ఎస్‌ఎస్‌హెచ్‌కమాండ్’ అమరికలో విండోస్ సొంత ఎస్‌ఎస్‌హెచ్ దారిని ఇస్తే గిట్, ఏజెంటు రెండూ కలుస్తాయి.

పుష్ చేసేటప్పుడు కాక, కమిట్ చేసేటప్పుడు (మార్పులను మీ కంప్యూటరులో నమోదు చేసేటప్పుడు) పాస్‌ఫ్రేజ్ అడుగుతుంటే, అది చాలావరకు జీపీజీ సంతకానికి (కమిట్ మీదేనని చూపే డిజిటల్ సంతకం) సంబంధించినది. జీపీజీ-ఏజెంట్ మామూలుగా పాస్‌ఫ్రేజ్‌ను చివరి వాడకం నుంచి 600 సెకన్లు, ఎంత వాడుతున్నా మొత్తం 7200 సెకన్లు మాత్రమే గుర్తుంచుకుంటుంది.

అభ్యాసం: ‘ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -డి’ని పెద్ద అక్షరం డీతో ఇచ్చి ఏజెంటులోని కీలన్నిటినీ తొలగించండి. తర్వాత ‘ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -టి 3600’తో కీని గంట సేపటికే చేర్చి, మరో టెర్మినల్ తెరిచి గిట్ ఫెచ్ చేయండి. అక్కడ పాస్‌ఫ్రేజ్ అడిగితే, సాకెట్ దారిని మళ్లీ పరిశీలించాలి.