ల్యాండ్‌లైన్ డెడ్ అయిందా? ముందు రోజెట్ విప్పి చూడండి

ఎక్స్ఛేంజ్ నుంచి ఇంటికి వచ్చేవి రెండే రాగి తీగలు. ఈ జతనే లూప్ అంటారు. రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు వాటి మధ్య సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే లూప్‌లో కరెంటు పారి, వోల్టేజి 5-10కి పడిపోతుంది. ఎక్స్ఛేంజ్ అది పసిగట్టి డయల్ టోన్ పంపుతుంది. అందుకే తప్పు ఇంట్లోనా, బయటా అన్నది వోల్టేజి కొలిచే మల్టీమీటర్ ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చాలామంది అది చూడకుండా కొత్త ఫోను కొనేస్తారు.

ఒక జాగ్రత్త: కాల్ వస్తే ఇవే తీగల మీద 75-90 వోల్టుల ఏసీ వస్తుంది, వేలికి తగిలితే గట్టిగా లాగుతుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు అసలు ముట్టుకోవద్దు.

డయల్ టోన్ లేదు

ఫోన్లు, మోడెమ్, ఫ్యాక్స్ అన్నీ పీకేయండి. మీటర్‌ను డీసీ 200 రేంజిలో పెట్టి, గోడ మీది రోజెట్‌లో (ఫోను తీగ గుచ్చే చిన్న పెట్టె) లైన్ వైర్లు బిగించిన రెండు స్క్రూలకు ప్రోబ్‌లు ఆనించండి.

48 దగ్గర చూపిస్తే లైన్ బాగుంది, తప్పు ఫోనుదో, దాన్ని రోజెట్‌కు కలిపే తీగ (కార్డు)దో. ముందు కార్డు మార్చండి. దాని కొసనుండే ఆర్‌జే11 ప్లగ్గులో పనిచేసేవి మధ్య రెండు పిన్నులే, అవి పచ్చబారినా లోపలికి నొక్కుకుపోయినా టోన్ రాదు. రీడింగ్ ముందు మైనస్ గుర్తు కనిపిస్తే ప్రోబ్‌లు తారుమారయ్యాయంతే, కంగారు పడక్కర్లేదు.

సున్నా చూపిస్తే బయటినుంచి వచ్చే వైరు విప్పి, దాని కొసల మీదే కొలవండి. 48 తిరిగి వస్తే ఇంటి లోపలి వైరింగ్‌లో షార్ట్ ఉంది. ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే కలుపుతూ పొండి, ఏది కలిపినప్పుడు పడిపోతుందో అదే దోషి. అప్పటికీ సున్నానే అయితే తప్పు బయటే, కంప్లయింట్ ఇవ్వాల్సిందే.

గరగర, గుయ్‌మనే శబ్దం

ఒక అంకె నొక్కి డయల్ టోన్ ఆపి వినండి. గరగరలాడుతూ, వానొస్తే ఎక్కువైతే ఎక్కడో జాయింట్‌లో నీరు దిగి రాగి తుప్పుపట్టింది. మెలితిప్పి టేపు చుడితే నాలుగు రోజులే. నిగనిగలాడే రాగి కనిపించేదాకా కత్తిరించి, జెల్ నింపిన కనెక్టర్‌తో కలపండి. ఆగకుండా గుయ్‌మంటుంటే కథ వేరు: ఒక తీగ ఎర్త్‌కి లీకై జత సమతూకం పోయింది, దాంతో పక్కనున్న కరెంటు వైర్ల 50 లేదా 60 హెర్ట్జ్ హమ్ వినపడుతోంది. తడిసిన రోజెట్, మేకు దిగిన వైరు ఉన్నాయేమో వెతకండి.

ఒక్కసారి మోగి ఆగిపోతోంది

దీన్ని రింగ్ ట్రిప్ అంటారు. తడి లీకేజీ వల్ల కరెంటు పారితే, మీరు ఫోనెత్తారనుకుని ఎక్స్ఛేంజ్ రింగ్ ఆపేస్తుంది. అవతలివాళ్లకి ఎవరో ఎత్తి మాట్లాడనట్టు ఉంటుంది. ఒక్క ఫోనే ఉంచి పరీక్షించండి.

ఫోన్ మోగితే ఇంటర్నెట్ పోతోంది

మాట 300-3400 హెర్ట్జ్‌లో నడుస్తుంది, ఏడీఎస్‌ఎల్ (ఫోను లైను మీద వచ్చే ఇంటర్నెట్) సుమారు 25 కిలోహెర్ట్జ్ పైన. రెంటినీ విడదీసేది స్ప్లిటర్ లేదా ఫిల్టర్. పడగ్గదిలో మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్‌కు ఫిల్టర్ లేకపోయినా చాలు, లింక్ తెగుతుంది. అన్నిటికీ ఉన్నా తెగుతుంటే బలహీన జాయింట్‌ను అనుమానించండి.

దీనికి రివర్స్ కేసు ఇంకా వింతగా ఉంటుంది: డయల్ టోన్ లేదు, ఇంటర్నెట్ మాత్రం కుంటుతూ వస్తోంది. రెండు తీగల్లో ఒకటి తెగింది. డీసీ ఆ ఖాళీ దాటలేదు, అధిక ఫ్రీక్వెన్సీ సిగ్నల్ మాత్రం కెపాసిటెన్స్ ద్వారా, అంటే తీగలు తాకకపోయినా, దూకేస్తుంది. కంప్లయింట్‌లో ఈ మాట చెబితే లైన్‌మన్ నేరుగా జాయింట్లే చూస్తాడు.

అంకెలు నొక్కినా డయల్ టోన్ ఆగకపోతే ఫోను అడుగున పల్స్, టోన్ స్విచ్ చూడండి. టోన్ మీద ఉండాలి.