ఐదో పాఠం: నాన్ వచ్చినవాళ్ళంతా ముందు ఇది చదవండి

ఫోటో చూసి మంచి ఎర్ర మిరపకాయేదో, రంగు పోయిన తాలు కాయేదో చెప్పే న్యూరల్ నెట్‌వర్క్‌ని తయారుచేస్తున్నాం కదా, కొందరు ఫోటోల బదులు శబ్దాలతో. దానికి నేర్పించడంలో ఈసారి మొమెంటమ్ అనే ఉపాయం చెప్తానని మాటిచ్చాను. చెప్తాను, కానీ చివర్లో, అదీ కొంచెమే. నాలుగో పాఠం పెట్టిన రెండో రోజు నుంచి నా ఫోన్‌కి వస్తున్న స్క్రీన్‌షాట్లలో ఒకటే కథ నడుస్తోంది. మొదటి లాస్ (నెట్‌వర్క్ జవాబు ఎంత తప్పో చెప్పే అంకె) వందల్లో, రెండోది లక్షల్లో, మూడోది లెక్కపెట్టలేనన్ని అంకెల్లో, ఆ తర్వాత నాన్, నాన్, నాన్. పనీర్‌తో తినే నాన్ కాదు లెండి, 'ఇది అసలు సంఖ్యే కాదు' అని కంప్యూటర్ చేతులెత్తేయడం.

ఇందులో సగం తప్పు నాది, ముందే ఒప్పుకుంటున్నాను. పోయిన పాఠంలో 'బొమ్మని ముందు ఫ్లోట్‌లోకి (దశాంశ సంఖ్యల్లోకి) మార్చుకోండి' అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్ళిపోయాను. నా దగ్గర బొమ్మలు చదవడానికి ఎప్పుడో రాసుకున్న చిన్న ఫంక్షన్ ఒకటి ఉంది, 255తో భాగించడం అందులోనే జరిగిపోతుంది, రోజూ వాడుతూ ఆ సంగతే మర్చిపోయాను. మీకేమో ఆ ఫంక్షన్ లేదు. మీరు నేను చెప్పినట్టే ఫ్లోట్‌లోకి మార్చి, పైటార్చ్ లైబ్రరీలో బొమ్మని టెన్సర్‌గా, అంటే నెట్‌వర్క్‌కి ఇచ్చే అంకెల పట్టికగా మార్చే టు-టెన్సర్‌కి అప్పగించారు. అక్కడే మునిగారు.

టు-టెన్సర్ అన్ని బొమ్మల్నీ 255తో భాగించదు. నంపై అరే (పైథాన్‌లో అంకెల పట్టిక) ఇస్తే అది యూఇంట్8 రకం అయితేనే, అంటే 0 నుంచి 255 దాకా పూర్ణ సంఖ్యలుగా ఉంటేనే భాగించి 0 నుంచి 1 మధ్యకి తెస్తుంది. మీరు ముందే ఫ్లోట్32 చేసి ఇచ్చారనుకోండి, 'ఓహో, వీళ్ళే ఏదో చేసుకున్నారు' అనుకుని ఉన్నది ఉన్నట్టు దాటించేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా రాదు. 213.0 అని ఇస్తే 213.0 అనే బయటికి వస్తుంది. నెట్‌వర్క్‌కి అది ఇసక లారీ వచ్చి గుద్దినట్టే.

ఇది చెప్పాక కొందరు వెంటనే సర్దుకున్నారు. ఇంకొందరు నా మాట మీద మరీ గురి పెట్టుకుని, యూఇంట్8గానే టు-టెన్సర్‌కి ఇచ్చి, వచ్చినదాన్ని మళ్ళీ 255తో భాగించారు. ఇప్పుడు బొమ్మలో అన్నిటికన్నా తెల్లటి చుక్క విలువ 0.0039. నెట్‌వర్క్‌కి ఎర్ర కాయ, తాలు కాయ, కింద పరిచిన తెల్లగుడ్డ అన్నీ అమావాస్య రాత్రిలాగే ఉంటాయి. మంగళగిరి నుంచి ఒకమ్మాయి 'సార్, నాన్ పోయింది, కానీ లాస్ 0.25 దగ్గర కూర్చుని కదలట్లేదు' అని రాసింది. ఆ 0.25 చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. మన లేబుళ్ళు, అంటే రావాల్సిన జవాబులు, 0, 1. రెండు రకాల కాయలూ సమానంగా ఉన్నాయి. నెట్‌వర్క్‌కి ఏమీ కనిపించక అన్నిటికీ 0.5 అంటే, ప్రతిసారీ తేడా 0.5, మన లాస్ అంటే తేడా వర్గమే కాబట్టి 0.25. అంటే అది నేర్చుకోవట్లేదు, కళ్ళు మూసుకుని 'సగం సగం' అంటోంది. ఇలాంటి అంకెలు ఇంకొన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాతి పాఠాల్లో క్రాస్ ఎంట్రోపీ అనే ఇంకో రకం లాస్‌కి మారతాం కదా, అప్పుడు కళ్ళు మూసుకున్న నెట్‌వర్క్ లాస్ రెండు తరగతులైతే 0.69, మూడైతే 1.1, పదైతే 2.3. మొదటి లాస్ దాని చుట్టుపక్కల లేకుండా 600తో మొదలైందంటే ట్రైనింగ్ అక్కడే ఆపేయాలి, ఇరవై ఎపోక్‌లు (బొమ్మలన్నీ ఇరవైసార్లు చూపించడం) అయ్యేదాకా టీ తాగుతూ కూర్చోవడం కాదు.

సరే, పెద్ద సంఖ్య ఇస్తే ఎందుకు పేలుతుంది? 'గ్రేడియంట్ పెద్దదవుతుంది కాబట్టి' అని అందరూ అప్పజెప్పారు. గ్రేడియంట్ అంటే నెట్‌వర్క్ లోపలి అంకెని కాస్త కదిపితే లాస్ ఎంత మారుతుందో చెప్పే వాలు. చేత్తో లెక్క చేసినవాళ్ళు మాత్రం ఒక్కరూ కనపడలేదు. కాగితం తీయండి.

ఒకే ఒక్క వెయిట్ (నెట్‌వర్క్ నేర్చుకుంటూ మార్చుకునే అంకె), ఒకే ఒక్క ఇన్‌పుట్, రెండిటినీ గుణిస్తే అంచనా. ఇన్‌పుట్ 200, రావాల్సిన జవాబు 1, వెయిట్ 0తో మొదలు, లెర్నింగ్ రేట్ (అడుగు ఎంత పెద్దదో తేల్చే అంకె) 0.01. అంచనా 0, తేడా -1. గ్రేడియంట్ అంటే 2 × ఇన్‌పుట్ × తేడా, అంటే -400. దాన్ని 0.01తో గుణించి వెయిట్‌లోంచి తీసేస్తే కొత్త వెయిట్ 4. బానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు అంచనా చూడండి, 4 × 200 = 800. రావాల్సింది 1. తేడా 799. మళ్ళీ గ్రేడియంట్, 2 × 200 × 799 = 3,19,600. వెయిట్ 4 నుంచి -3192కి దూకింది. అంచనా -6,38,400. తేడా -6,38,401. ప్రతి అడుగుకీ తేడా -799 రెట్లు అవుతోంది, గుర్తు మారుతూ, అటొకసారి ఇటొకసారి. కొండ దిగమంటే ఎదుటి కొండ మీదకి ఎగిరి, అక్కడి నుంచి ఇంకా పెద్ద కొండ మీదకి ఎగరడం అన్నమాట.

ఆ -799 ఎక్కడిది? 1లోంచి (2 × లెర్నింగ్ రేట్ × ఇన్‌పుట్ వర్గం) తీసేస్తే వచ్చేది. 1 - 2 × 0.01 × 40,000. ఇది -1కీ 1కీ మధ్య ఉంటేనే తేడా తగ్గుతుంది. ఇన్‌పుట్ 200 అయితే లెర్నింగ్ రేట్ 0.000025 కన్నా తక్కువ ఉండాలి. అదే 200ని 255తో భాగించి 0.784 చేసుకుంటే, లెర్నింగ్ రేట్ 0.5 పెట్టినా గుణకం 0.385 దగ్గర ఉంటుంది, తేడా -1, -0.385, -0.148 అంటూ బుద్ధిగా దిగుతుంది. ఇన్‌పుట్ వర్గమవుతోంది, అది గమనించండి. 255 రెట్లు పెద్ద ఇన్‌పుట్ ఇస్తే లెర్నింగ్ రేట్ అరవై ఐదు వేల రెట్లు తగ్గించాల్సి వస్తుంది. మన నెట్‌వర్క్‌లో వెయిట్లు వేలల్లో ఉంటాయి, అచ్చం ఇవే అంకెలు రావు, పేలే తీరు మాత్రం ఇదే. ఇలా వాలు చూసుకుంటూ అడుగులేసే గ్రేడియంట్ డిసెంట్ ఆలోచన కొత్తదేం కాదు, 1847లోనే ఫ్రెంచి గణితవేత్త కోషీ చెప్పాడు. ఇన్‌పుట్ల సగటు సున్నాకి దగ్గరగా, అన్నీ దాదాపు ఒకే స్థాయిలో ఉండాలని న్యూరల్ నెట్‌వర్క్‌ల పరిశోధకుడు యాన్ లెకున్, ఆయన తోటివాళ్ళు 1998లో వివరంగా రాశారు. మనం ఇప్పుడు పడ్డ గుంటలో పడనివాళ్ళు లేరు, కాబట్టి టెన్షన్ వద్దు.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. లాస్ పేలగానే మీలో చాలామంది చేసిన పని ఎస్‌జీడీ (ఇప్పుడు కాగితం మీద చేసిన అడుగుల పద్ధతే) తీసేసి ఆడమ్ అనే ఇంకో పద్ధతి పెట్టడం. 'సార్, ఆడమ్ పెడితే పని చేసింది' అని రాశారు కూడా. పని చేయలేదండీ, నొప్పి తెలియకుండా చేసింది. 2014లో కింగ్మా, బా రాసిన పద్ధతి అది. గ్రేడియంట్‌ని ఇటీవలి గ్రేడియంట్ల పరిమాణంతోనే భాగిస్తుంది, అందుకని గ్రేడియంట్ 4 అయినా 4 లక్షలైనా అడుగు ఇంచుమించు లెర్నింగ్ రేట్ అంతే పడుతుంది. పద్ధతి మంచిదే, నేనూ వాడతాను, మామూలుగా 0.001తోనే. కానీ బొమ్మల్ని భాగించడం మర్చిపోయిన సంగతిని కూడా అది చక్కగా కప్పేస్తుంది. లాస్ కొంచెం దిగుతుంది, మీరు సంతోషిస్తారు, మూడు వారాల తర్వాత 71 శాతం సరైన జవాబుల దగ్గర ఆగిపోయి 'ఇంకా బొమ్మలు కావాలేమో' అని మళ్ళీ మిర్చి యార్డుకి బయల్దేరతారు. జ్వరం బిళ్ళ వేసుకుని టైఫాయిడ్ తగ్గిందనుకోవడం ఇదే. అందుకే నేర్చుకునేటప్పుడు ఎస్‌జీడీనే వాడమంటాను. అది మొండిది, తప్పు చేస్తే మొహం మీదే చెప్తుంది. పదో పాఠం దాకా ఆడమ్ పేరెత్తితే నేను జవాబివ్వను. ఇది నా పంతం, శాస్త్రం కాదు.

నేను చేసేది ఒకటే. ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు ఒక బ్యాచ్ (నెట్‌వర్క్‌కి ఒకేసారి ఇచ్చే బొమ్మల గుంపు) తీసి ఐదు సంగతులు ప్రింట్ చేస్తాను: కనిష్ఠం, గరిష్ఠం, సగటు, రకం, ఆకారం. నా కంప్యూటర్‌లో దానికి 'మిరపకాయ లైన్' అని పేరు. కనిష్ఠం 0, గరిష్ఠం 1, సగటు 0.6 వచ్చిందనుకోండి, తెల్లగుడ్డ మీద కాయలు కాబట్టి నమ్మొచ్చు. గరిష్ఠం 255 అంటే భాగించలేదు. 0.0039 అంటే రెండుసార్లు భాగించారు. అన్నీ సున్నాలంటే భాగించాక మళ్ళీ పూర్ణ సంఖ్యల్లోకి మార్చేశారు.

ఆ తర్వాత అదే బ్యాచ్‌లోంచి ఒక బొమ్మని తెర మీద కళ్ళతో చూడాలి. ఫైల్ తెరిచి కాదు, నెట్‌వర్క్‌లోకి వెళ్ళబోయే ఆ టెన్సర్‌నే గీయించి చూడాలి. గుంటూరులో మా ఇంటికి దగ్గర్లోనే ఒక కుర్రాడు యార్డుకి వెళ్ళి, టిక్కీల్లోంచి (మిర్చి బస్తాల్లోంచి) గుప్పెడు తేజ రకం కాయలు, గుప్పెడు తాలు కాయలు అడిగి తెచ్చుకుని, మేడ మీద తెల్లపంచె పరిచి రెండు రోజులు ఫోటోలు తీశాడు. ఎండకి ఫోన్ వేడెక్కి రెండుసార్లు ఆగిపోయిందట. నేను బొమ్మ గీయించి చూపించమన్నాను. చూస్తే కాయలన్నీ నీలం. నిగనిగలాడే నీలం మిరపకాయలు, తొడిమలు మాత్రం పచ్చగానే. ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ బొమ్మని చదివేటప్పుడు రంగుల్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో ఇస్తుంది, మిగతావి చాలావరకు ఎరుపు ముందనుకుంటాయి. అందుకే ఎరుపు, నీలం చోట్లు మార్చుకున్నాయి, ఆకుపచ్చ మధ్యలోనే ఉండిపోయింది. మొదటి నుంచి చివరిదాకా అలాగే నేర్పిస్తే నెట్‌వర్క్‌కి ఇబ్బంది లేదు, నీలం కాయనే మంచి కాయ అనుకుంటుంది. ట్రైనింగ్‌లో ఓపెన్‌సీవీతో, తర్వాత ఫోన్‌లో వేరే దానితో చదివితే మాత్రం మొత్తం తలకిందులు. ఎరుపే ఆధారమైన పంటకి ఎరుపు పోతే ఇంకేముంది.

శబ్దం వైపు ఉన్నవాళ్ళని తక్కువ పట్టించుకున్నానని ఫిర్యాదు ఉంది, నిజమే. వాళ్ళకీ ఇదే జబ్బు, పేరు వేరు. విజయవాడ ఆటోనగర్‌లో మోటార్లకి వైండింగ్ చేసే తమ్ముడొకడు బేరింగ్ పోయిన మోటారునీ, మంచి మోటారునీ శబ్దంతో గుర్తుపట్టించాలని చూస్తున్నాడు. ఇంట్లో లిబ్రోసా అనే శబ్దాల లైబ్రరీతో ఫైల్ చదివి నేర్పించాడు. అది -1 నుంచి 1 మధ్య ఇస్తుంది, మనం వద్దనకపోతే సెకనుకి 22,050 శాంపిళ్ళకి (శబ్దాన్ని కొలిచిన అంకెలకి) మార్చేస్తుంది కూడా. షాపులో పాత ల్యాప్‌టాప్ మీద సైపై అనే ఇంకో లైబ్రరీతో చదివాడు. అది 16 బిట్ల ఫైల్‌ని -32,768 నుంచి 32,767 దాకా ఉన్న పూర్ణ సంఖ్యలుగా, ఫైల్‌లో ఉన్న వేగంతోనే ఇస్తుంది. దాంతో వచ్చిన ప్రతి మోటారుకీ బేరింగ్ పోయిందనే చెప్పింది. 'అన్నా, మా ఓనరు కొత్త మోటారు మీద పెట్టి నవ్వాడు' అన్నాడు పాపం. మిరపకాయ లైన్ షాపులో కూడా వేసి ఉంటే ఆ నవ్వు తప్పేది. స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూపే పటం) వాడేవాళ్ళు ఇంకోటి చేయాలి, పవర్ విలువలకి ముందు లాగ్ తీసి, తర్వాత సగటు తీసేయాలి. లాగ్ లేకపోతే మోటారు హోరు ఒక్కటే మిగతా అన్నిటినీ మింగేస్తుంది, బేరింగ్ కీచు సున్నా పక్కన ఎక్కడో ఉంటుంది.

ఇక మొమెంటమ్. 1964లో పోల్యాక్ చెప్పిన ఉపాయం. పాత వేగంలో 0.9 వంతు ఉంచుకుని, దానికి కొత్త గ్రేడియంట్ కలిపి, ఆ మొత్తంతో అడుగు వేయడం. తోపుడు బండి ఒకసారి కదిలాక ఊరికే ఆగదు కదా, అంతే. ఒకే దిక్కుకి పోతూ ఉంటే వేగం చివరికి పది రెట్లవుతుంది. అందుకని మొమెంటమ్ 0.9 పెట్టినప్పుడు పాత లెర్నింగ్ రేట్ అలాగే ఉంచేయకండి, నేనైతే పదో వంతుతో మొదలుపెడతాను. మిగతాది వచ్చేసారి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టం, కావాలనే.

వెయిట్లు రెండు. మొదటిదాని ఇన్‌పుట్ 200, రెండోదాని ఇన్‌పుట్ 0.5. రెండిటికీ విడివిడిగా జవాబు 1 రావాలి, లాస్ అంటే రెండు తేడాల వర్గాల మొత్తం, రెండు వెయిట్లకీ లెర్నింగ్ రేట్ ఒకటే, 0.00002. మొదటిది ఎన్ని అడుగుల్లో తేడాని వందో వంతుకి తెస్తుంది, రెండోది సగానికి తేవడానికే ఎన్ని అడుగులు పడుతుంది, కాగితం మీద చేయండి. రెండోదానికి అరవై తొమ్మిది వేల పైచిలుకు రావాలి. రాకపోతే గుణకం తప్పు తీశారు. అది సరిగ్గా వచ్చినవాళ్ళకి, అన్ని ఇన్‌పుట్లనీ ఒకే స్థాయికి ఎందుకు తేవాలో నేను ఇంకో పేరా రాయక్కర్లేదు.

రెండోది చేతిపని. ఎర్ర కాయలు వంద, తాలు వంద, సగం పొద్దున్న, సగం సాయంత్రం ఫోటో తీయండి. పొద్దుటి బ్యాచ్‌కీ సాయంత్రం బ్యాచ్‌కీ మిరపకాయ లైన్ విడిగా వేసి ఆ అంకెలే నాకు పంపండి. లాస్ స్క్రీన్‌షాట్లు పంపితే చూడను. నీలం కాయలు వచ్చినవాళ్ళు మాత్రం సిగ్గుపడకుండా ఆ బొమ్మ కూడా పెట్టండి, ఇప్పటికి నా దగ్గర ఏడు పోగయ్యాయి.