రెండు బిషప్‌లతో గెలిచే ఆట చేజారకుండా

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక చదరంగం టోర్నమెంట్ చివరి రౌండ్‌లో తెల్ల పావులతో ఆడుతున్నాను. నా దగ్గర రాజు, రెండు బిషప్‌లు (ఐమూలగా కదిలే పావులు) ఉన్నాయి. అవతలి అబ్బాయికి మిగిలింది ఒట్టి రాజే. నా రాజు జి6లో (అక్షరం నిలువు వరసకి, అంకె అడ్డ వరసకి), నల్ల గడుల బిషప్ డి6లో, తెల్ల గడుల బిషప్ డి7లో. అతని రాజు మూలన హెచ్8లో. జి8 గడి కూడా మూసేస్తే ఇక ఎక్కడికి పోతాడులే అని తెల్ల గడుల బిషప్‌ని ఇ6కి జరిపాను. అతను కాసేపు బోర్డు చూసి, గడియారం ఆపి, చెయ్యి చాపాడు. స్టేల్‌మేట్. రాజుకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. ఆట డ్రా, అర పాయింట్ పోయింది.

మీరూ ఆ పావులు బోర్డు మీద పెట్టి చూడండి. అక్కడ బిషప్ ఇ6కి కాదు, ఎఫ్5కి వెళ్ళాలి. ఆ ఎత్తు వల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు, వంతు అవతలివాళ్ళకి వెళ్తుందంతే. కావలసింది అదే. నల్ల రాజుకి జి8 ఒక్కటే దారి కాబట్టి వెళ్ళి తీరాలి. ఇప్పుడు ఇ6 నుంచి చెక్ ఇవ్వండి. ఎఫ్8ని డి6లోని బిషప్ కాస్తోంది, రాజు మళ్ళీ హెచ్8కే రావాలి. ఆ బిషప్ ఇ5కి వస్తే చెక్‌మేట్. రాజు జి8లో ఉన్నప్పుడు గెలిపించిన ఇ6 గడే, హెచ్8లో ఉన్నప్పుడు డ్రా చేస్తుంది.

తొందరపడి మొదటే ఇ5 నుంచి చెక్ ఇస్తే ఇంకో చిక్కు. రాజు జి8కి వెళ్తాడు, ఇ6 నుంచి చెక్ ఇస్తే ఎఫ్8 మీదుగా బయటపడతాడు. మళ్ళీ మొదటినుంచి తరమాలి.

ఇప్పుడు మా మేనల్లుడితో ఆడేటప్పుడు ఒక అలవాటు చేయిస్తున్నాను. రాజు అంచుకి చేరాక, చెక్ కాని ప్రతి ఎత్తుకీ ముందు "తరవాత వాడి రాజు ఏ గడిలోకి వెళ్తాడు?" అని అడుగుతాను. ఆ గడిని వేలితో చూపించాలి. చూపించలేకపోతే ఆ ఎత్తు ఆడకూడదు.

రాజుని మూలకి తోలడం నిజానికి అంత కష్టం కాదు. బిషప్‌లను డి4, ఇ4 లాగా పక్కపక్కన పెడితే వాటి కర్ణాలు రెండూ కలిసి కంచె అవుతాయి, అవతలి రాజు దాటలేడు. ఆపైన మీ రాజుని నడిపించండి, అతను తోడు రాకుండా బిషప్‌లు మాత్రమే ఆ పని చేయలేవు. మీ రాజు చేరాల్సింది మూల నుంచి గుర్రం గెంతు దూరంలో ఉన్న గడికి. హెచ్8 మూలైతే జి6 గానీ ఎఫ్7 గానీ. బిషప్‌ని ఊరికే పోగొట్టుకోకపోతే సరైన ఆటతో ఇదంతా 19 ఎత్తుల్లోపే ముగుస్తుంది. ఏ పావూ చావకుండా, బంటు కదలకుండా 50 ఎత్తులు గడిస్తేనే డ్రా అడగొచ్చని నిబంధన, కాబట్టి ఒక ఎత్తు వృథా చేయడానికి టెన్షన్ పడనక్కర్లేదు.

రెండు బిషప్‌లూ వేర్వేరు రంగు గడులవై ఉండాలి. అవతలివాళ్ళకి కదలగల బంటు మిగిలి ఉంటే స్టేల్‌మేట్ భయమే లేదు, మంత్రి అయ్యే దూరంలో లేకపోతే దాన్ని ఆశపడి తినేయకండి.

ఒక బిషప్, ఒక బంటు మిగిలే ఆటలో మాత్రం ముందే జాగ్రత్తపడాలి. బంటు అంచు వరసలో ఉండి, అది మంత్రి అయ్యే గడి మీ బిషప్ రంగు కాకపోతే, అవతలి రాజు ఆ మూలకి చేరాడంటే గెలుపు లేదు. తెల్ల గడుల బిషప్ ఇ6లో, రాజు జి6లో, బంటు హెచ్6లో, నల్ల రాజు హెచ్8లో ఉండి ఎత్తు అతనిదైతే మళ్ళీ స్టేల్‌మేటే. బిషప్‌ని పక్కకి తీస్తే రాజు జి8కీ హెచ్8కీ మధ్య తిరుగుతూ కూర్చుంటాడు. అందుకే జి వరసలోని బంటుతో హెచ్ వరసలోని పావుని తినబోయే ముందు హెచ్8 ఏ రంగో, మీ బిషప్ ఏ రంగో ఒక్కసారి చూసుకోండి.