శాలిహుండం కొండ ఎక్కేవారికి

శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం వెళ్లే దారిలో వంశధార ఒడ్డునే ఉంది శాలిహుండం. 1919లో ఈ బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చింది వ్యావహారిక భాషోద్యమం నడిపిన గిడుగు రామమూర్తి పంతులే.

పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది, పైన నీడ తక్కువ. మనిషికి లీటరు నీళ్లు, జారని చెప్పులు ఉండాలి. వానాకాలం నాచు పట్టిన మెట్ల మీద తొందరపడితే జారడమే.

చక్రం ఆకారంలో పునాది ఉన్న స్తూపాన్ని మాత్రం దాటిపోకండి. దగ్గర నిలబడితే ఇటుకల వరుసలే తప్ప ఏమీ అర్థం కాదు. నాలుగడుగులు వెనక్కి, కాస్త ఎత్తుకు వెళ్లి చూస్తే ఇరుసు నుంచి చీలిన చక్రపు ఆకులు తేలుతాయి. ఫొటో కోసం ఆ గోడలెక్కొద్దు, అంచు ఇటుకలు ఊడిపోతాయి.

బౌద్ధ దేవతలు తారా, మారీచి విగ్రహాలు మ్యూజియంలో ఉన్నాయి. దిగాక చూడండి.