పని ముగిశాక ఒక ముచ్చట – మూడవ పాఠం: వస్తువును శ్రోతల చేతికివ్వడం

మొదటి పాఠంలో మీ అభిరుచిలోంచి ఒక్క చిన్న అంశాన్ని ఎంచుకున్నారు. రెండవ పాఠంలో ఆ అంశం గురించి చెప్పదలచినదాన్ని ఒకే వాక్యంలో రాసుకున్నారు. ఆ వాక్యాన్ని ఆఫీసు వేళ ముగిశాక సహోద్యోగుల ముందు ఇరవై నిమిషాల ముచ్చటగా ఎలా మలచాలో ఇప్పుడు చూద్దాం. ఉదాహరణగా నాణేల సేకరణను తీసుకుంటున్నాను. మీ అభిరుచి తోటపని అయినా, వీణ అయినా, పక్షులను చూడడమైనా పద్ధతి ఇదే. నాణెం చిన్నది, చేతిలో ఇమిడేది కాబట్టి పాఠం చెప్పడానికి అనువుగా ఉంటుంది.

ముందుగా శ్రోతల స్థితిని సరిగ్గా ఊహించుకోవాలి. సాయంత్రం ఆరు గంటలకు మీటింగ్ రూములో కూర్చున్నవారు పగలంతా స్క్రీన్ మీద పట్టికలూ స్లయిడ్లూ చూసి అలసిపోయినవారు. కొందరికి ఏడింటికి కంపెనీ బస్సు ఉంటుంది. చాలామంది నాణేల మీద ఆసక్తితో కాక, మీ మీద అభిమానంతో వచ్చినవారే. ఆ అభిమానం మీకు మొదటి మూడు నిమిషాల గడువు మాత్రమే ఇస్తుంది; ఆ తరువాత అంశమే వారిని కూర్చోబెట్టాలి.

సాధారణంగా రాసుకునే మొదటి ప్రతి ఇలా ఉంటుంది: “నాకు చిన్నప్పటి నుంచీ నాణేలంటే ఇష్టం. ప్రపంచంలో నాణేల చరిత్ర ఎంతో ప్రాచీనమైనది. మన దేశంలో విద్ధాంక నాణేలతో (గుర్తులు అచ్చుకొట్టిన ప్రాచీన నాణేలతో) మొదలై...” ఇందులో అసత్యమేమీ లేదు, కానీ శ్రోతకు చేయడానికి పని కూడా ఏమీ లేదు. చరిత్రను మొదటి నుంచి మొదలుపెట్టినవారు తమకు నిజంగా ఇష్టమైన చోటికి చేరేలోపే సమయం అయిపోతుంది. కాబట్టి ఈ ప్రతిని పక్కన పెట్టి, శ్రోత చేతిలో ఒక నాణెం పెట్టి మొదలుపెట్టండి.

ఇప్పుడు ఫోనుతో చెల్లింపులు వచ్చాక జేబులో చిల్లర ఉంచుకునేవారు తగ్గిపోయారు కనుక, శ్రోతలు తెచ్చుకుంటారని నమ్ముకోకుండా ముందురోజే బ్యాంకులోనో, వీధి చివరి కిరాణా కొట్టులోనో నోట్లిచ్చి రూపాయి, రెండు రూపాయల నాణేలు తెచ్చుకోవాలి. గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ ఒక నాణెం ఇవ్వండి. అందరూ కూర్చున్నాక మీ మొదటి వాక్యం ఇదే కావాలి: “మీ చేతిలోని నాణెం మీద సంవత్సరం ఎక్కడుందో చూడండి, ఆ అంకెల కింద ఏముందో చెప్పండి.”

గదిలో ఒక్కసారిగా తలలు వంగుతాయి, కొందరు ఫోను కెమెరా తెరిచి దగ్గరగా చూస్తారు. ఒకరు నక్షత్రం ఉందంటారు, ఇంకొకరు డైమండు ఆకారం అంటారు, మరొకరు చుక్క అంటారు, నలుగురైదుగురు ఏమీ లేదంటారు. అప్పుడు మీరు చెప్పవలసినది తక్కువ: ఈనాటి చలామణి నాణేలలో నక్షత్రం హైదరాబాద్ టంకశాలకూ, డైమండు ముంబై టంకశాలకూ, చుక్క నోయిడాకూ గుర్తులు, ఏ గుర్తూ లేనిది కోల్‌కతాలో ముద్రించినది. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే నక్షత్రం దొరికినవారు నాణేన్ని మరోసారి తిప్పి చూడడం మీరు గమనిస్తారు, ఎందుకంటే అది తమ ఊళ్లోనే తయారైందని వారికి అప్పుడే తెలిసింది. ఆ టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు మారి, 1997 నుంచి చర్లపల్లిలో పనిచేస్తున్నదన్న సంగతి ఆ క్షణాన చెబితే గుర్తుండిపోతుంది. అదే సంగతిని నాణెం చూపకముందు చెప్పి ఉంటే మూడు సంవత్సరాల సంఖ్యలుగా మిగిలిపోయేది. సమాచారాన్ని ఎప్పుడు చెప్పాలన్నది శ్రోత మనసులో ప్రశ్న పుట్టే క్షణాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఈ పాఠమంతటిలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయానికే.

ఇక ముచ్చట నడిమి భాగం. ఇక్కడ మీ సేకరణ అంతా చూపించాలన్న కోరిక బలంగా ఉంటుంది, దాన్ని అణచుకోవాలి. మొదటి నాణెం నుంచి దారి చక్కగా సాగే మరో రెండు నాణేలు చాలు. నేనైతే బ్రిటిష్ రాజు ఐదవ జార్జి పేరుతో వచ్చిన ఒక అణా నాణేన్ని ఎంచుకుంటాను. దాని అంచు గుండ్రంగా ఉండదు, వంకీలు తిరిగి ఉంటుంది; విలువను ఇంగ్లీషుతో పాటు నాలుగు భారతీయ లిపులలో రాశారు, ఆ నాలుగింటిలో తెలుగు ఒకటి. “ఇందులో తెలుగు ఎక్కడుందో కనిపెట్టండి” అని నాణేన్ని ముందు వరుసకు అందిస్తే, అది చివరి వరుసకు చేరేసరికి గది అంతా మాట్లాడుతూ ఉంటుంది. అరిగిన నాణెం అయితే అక్షరాలు వెంటనే కనబడవు. నాణేన్ని కాస్త వాల్చి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకోవాలి. ఈ కిటుకు మీరు చేసి చూపండి, ఎందుకంటే నాణేలు సేకరించేవారు రోజూ చేసే పని అదే, శ్రోత కూడా కాసేపు ఆ పని చేసినవాడవుతాడు.

వస్తువు చేతులు మారుతున్నప్పుడు మీరు ముఖ్యమైన సంగతి ఏదీ చెప్పకండి. నాణెం ఎవరి చేతిలో ఉంటే వారి చెవులు కాసేపు పనిచేయవు. ఆ రెండు నిమిషాలూ మౌనంగా ఉండడం కొత్తవారికి ఇబ్బందిగా తోస్తుంది, అయినా ఓర్చుకోండి. విలువైన నాణేన్ని మాత్రం గది చుట్టూ తిప్పవద్దు. దాన్ని అంచులతో పట్టుకుని, ప్రొజెక్టరుకు కలిపిన ఫోను కెమెరాతో పెద్దదిగా చూపండి.

అణా నుంచి నేటి రూపాయికి వచ్చే దారిలో ఒక చిన్న లెక్క పెట్టండి. 1957 ఏప్రిల్ 1 వరకు రూపాయికి 16 అణాలు; ఆ రోజు నుంచి రూపాయికి 100 నయా పైసలు. అయితే ఒక అణాకు ఎన్ని పైసలు? శ్రోతలే లెక్క వేసి 6.25 అంటారు. ఆ పావు పైసా ఎవరు నష్టపోయారన్న ప్రశ్న మీరు అడగనక్కరలేదు, వారే అడుగుతారు. నాలుగు అణాలకు సరిగ్గా 25 పైసలు, ఎనిమిది అణాలకు 50 పైసలు వస్తాయి గనుక పావలాకూ అర్ధరూపాయికీ ఇబ్బంది లేకపోయింది. చిక్కంతా అణా, బేడల (బేడ అంటే రెండు అణాలు) దగ్గరే వచ్చింది. లెక్క ఇక్కడితో ఆపండి. పదవీ విరమణకు దగ్గరపడిన ఉద్యోగి ఎవరైనా ఆ సభలో ఉంటే, వారి నాయనమ్మ అణాల్లో లెక్క చెప్పిన తీరు గురించి తప్పక ఏదో ఒకటి చెబుతారు. అలాంటప్పుడు “చెప్పండి సార్” అని వారికి చోటివ్వడం మీ తరువాతి స్లయిడు కన్నా విలువైనది.

కాలాన్ని అదుపులో పెట్టుకోవడానికి పెచకుచ అనే పద్ధతి గురించి తెలుసుకోవడం మంచిది. టోక్యోలో ఉంటున్న ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే వాస్తుశిల్పులు 2003లో దీన్ని మొదలుపెట్టారు: 20 బొమ్మలు, ఒక్కొక్కటి 20 సెకన్లు, వాటంతట అవే మారిపోతాయి, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఈ కొలత ఎంతో ఉపకరిస్తుంది, అనవసరమైన వాక్యం ఏదో మొదటిసారికే బయటపడుతుంది. కానీ వస్తువును చేతికిచ్చే ముచ్చటకు సభలో ఈ పద్ధతి వాడవద్దని నా అభిప్రాయం, ఎందుకంటే మనిషి ఒక నాణేన్ని 20 సెకన్లలో చూడలేడు. పన్నెండు నిమిషాలు మీ మాటకు, ఎనిమిది నిమిషాలు వారి ప్రశ్నలకు కేటాయించండి.

ప్రశ్నలలో రెండు తప్పకుండా వస్తాయి, వాటికి జవాబులు ముందే సిద్ధం చేసుకోండి. ఒకటి, కొట్లలో తీసుకోవడానికి వెనకాడే పది రూపాయల నాణెం అసలు చెల్లుతుందా అన్నది. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో అప్పటివరకు వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని ప్రకటించిందని చెప్పండి. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు మాత్రం 2011 జూన్ 30 తరువాత చెల్లుబాటులో లేవు. రెండవది, “మా ఇంట్లో పాత నాణెం ఉంది, ఎంత పలుకుతుంది?” అన్న ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాత నాణేలకు లక్షలు ఇస్తామని చెప్పి ముందుగా రుసుము కట్టించుకునే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించింది. మీ మాట విన్న సహోద్యోగి ఇంటికి వెళ్లి అలాంటి వలలో పడకుండా చూడడం మీ బాధ్యత.

మూడవ నాణేన్ని ప్రశ్నలన్నీ అయ్యాక, లేచి వెళ్లబోయేవారి కోసం బల్ల మీద ఉంచండి. చార్మినారు బొమ్మ ఉన్న నిజాం కాలపు రూపాయి దొరికితే మంచిది: మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నాణెంలో చార్మినారు ద్వారం మధ్య ఉర్దూ అక్షరం ‘ఐన్’ చెక్కి ఉంటుంది, ఉర్దూలో ‘ఉస్మాన్’ అన్న పేరుకు అది మొదటి అక్షరం. భూతద్దం పక్కనే పెట్టండి. నిజంగా ఆసక్తి పుట్టినవారెవరో అక్కడే తెలుస్తుంది.

అభ్యాసం: మీ అభిరుచికి సంబంధించిన వస్తువులలో చేతికి ఇవ్వదగిన మూడింటిని ఎంచుకోండి. మొదటి దానికి శ్రోత సొంతంగా జవాబు కనిపెట్టగల ఒక ప్రశ్న రాయండి. జవాబు వస్తువు మీదే కనబడాలి. తరువాత మీ అంశం బొత్తిగా తెలియని ఒకరిని, ఇంట్లోవారైనా సరే, కూర్చోబెట్టి ఆ ప్రశ్న మాత్రమే అడిగి ఊరుకోండి. వారు వస్తువును ఎంతసేపు చూశారో, ఆ తరువాత మిమ్మల్ని మొట్టమొదట ఏమడిగారో రాసి పెట్టుకోండి. వారి ఆ మొదటి ప్రశ్నతో నాలుగవ పాఠం మొదలవుతుంది.