ఉప్పల్‌లో మ్యాచ్‌కు బయలుదేరే ముందు జాగ్రత్తలు

టికెట్‌తో పాటు ఇచ్చిన నిషేధిత వస్తువుల జాబితాను ఇంటివద్దనే పూర్తిగా చదవండి. నీళ్ల సీసా, పవర్ బ్యాంక్, లైటర్, హెల్మెట్ వంటివి గేటు దగ్గర ఆపివేస్తే వాటిని దాచుకోవడానికి చోటు దొరకడం కష్టం. వేలు పోసి టికెట్ కొన్నవారైనా అక్కడ అనుమానితులతో సమానమే. తప్పనిసరిగా మందులు వాడేవారు వైద్యుని చీటీని వెంట ఉంచుకోవాలి.

మెట్రోలో వచ్చేవారు స్టేడియం స్టేషన్‌లో దిగి, తమ గేటు సంఖ్యను ముందే చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రద్దీ. 2022 సెప్టెంబరులో భారత్–ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానానికి వచ్చినవారు తొక్కిసలాటలో, లాఠీల మధ్య చిక్కుకుని గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వెలుపల తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి ముందున్నవారు కదలకుండా వెనుకనుంచి తోపిడి పెరుగుతున్నట్లు గమనించిన వెంటనే, మ్యాచ్ మొదలైపోతుందన్న ఆత్రం విడిచి, పక్కకు జరిగి బయటపడాలి. చిన్నపిల్లలతో వెళ్లేవారు గేట్లు తెరిచే వేళకే చేరుకోవడం, విడిపోతే కలుసుకోవలసిన చోటును ముందే అనుకోవడం మంచిది.

తనిఖీలో సిబ్బంది దురుసుగా ప్రవర్తిస్తే చేయి చేసుకోకుండా, సమయాన్ని, గేటు సంఖ్యను రాసుకుని పోలీసు అధికారికి, నిర్వాహకులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మహిళలను మహిళా సిబ్బందే తనిఖీ చేయాలని నిస్సంకోచంగా కోరవచ్చు. లోపల నీళ్ల సీసాకు ముద్రిత ధరకు మించి వసూలు చేస్తే రసీదు అడిగి, 1915 వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలియజేయండి.